పదికి ఏడు పాళ్లు వాన

గొడుగుల కొట్టు, పైగది
సోమవారం

మామయ్యకు,

నీ ఫోనుకి కొండ మీద సిగ్నల్ ఎప్పుడొస్తుందో చెప్పడం కంటే వాన ఎప్పుడొస్తుందో చెప్పడమే తేలిక. అందుకే ఈ ఉత్తరం. పొద్దున మొదటి క్యాబిన్‌లో టపా సంచీ పైకొస్తుందట కదా. నీ రోప్‌వే నీకే ఉత్తరాలు మోసుకొస్తోంది, అదృష్టవంతుడివి.

సంగతేమిటంటే, మీ అక్క కూతురు ఇప్పుడు ఈ వీధి మొత్తానికి వాతావరణ శాఖ. నాన్న కొట్టు మెట్ల పక్కన ఒక నల్లబోర్డు తగిలించాను. రోజూ పొద్దున దాని మీద ఆ రోజు వానకు ఎంత అవకాశముందో రాస్తాను. ‘పడుతుంది’, ‘పడదు’ అని రాయను. ‘పదికి మూడు పాళ్లు’, ‘పదికి ఏడు పాళ్లు’ అని రాస్తాను. అంటే అచ్చం ఇలాంటి రోజులు పది వస్తే ఏడు రోజులు మన వీధి తడుస్తుందని. టీ కొట్టాయనకి ఈ ముక్క నాలుగుసార్లు విడమరిచి చెప్పాను. అంతా విని, “ఇంతకీ పడుతుందా పడదా?” అన్నాడు.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. పాత సామాన్ల దుకాణంలో బేరమాడి కొన్న బారోమీటరు ఒకటి, గాలి ఎటు వీస్తోందో చూడటానికి చిరిగిన గొడుగు గుడ్డతో కుట్టిన గాలిసంచి ఒకటి, పెద్ద సీసా కోసి చేసిన వానకొలత ఒకటి. ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు ఫోనులో చూస్తాను. మిగతాదంతా మేడ మీద నిలబడి ఆకాశం వైపు నోరు తెరుచుకుని చూడటమే. పెరట్లో బట్టలారేసే పక్కింటి పిన్నిగారు మొదట్లో నాకు మెడ పట్టేసిందనుకున్నారు.

చిక్కల్లా ఒక్కటే. నేను పాళ్లు ఎక్కువ రాసిన రోజున, “గొడుగుల కొట్టాయన కూతురు వాన అనక ఏమంటుందిలే” అని వీధంతా నవ్వుతుంది. తక్కువ రాసిన రోజున నాన్న మొహం ముడుచుకుంటారు. మధ్యలో నేను.

ఒక్కడు మాత్రం నవ్వడు. ఎదురు వరసలో కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టే మేస్త్రి. లోపల పూసి, బయట వీధి అంచున ఆరబెడతాడు. పచ్చి పాలిష్ మీద వాన చుక్క పడిందంటే తెల్ల మచ్చ లేస్తుంది, మళ్లీ గీకి మొదటికి రావలసిందే. అందుకని రోజూ పొద్దున బోర్డు చూసి, పైకి తలెత్తి, “ఆరబెట్టనా?” అని అడుగుతాడు. ఆరబెట్టమంటే పెడతాడు, వద్దంటే మానేస్తాడు. ఇంతవరకు మా మధ్య ఇంతకు మించి ఒక్క మాట లేదు. కానీ మామయ్యా, ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను రోజూ అలారం పెట్టుకుని లేస్తున్నాను.

మీ స్టేషన్ పక్కన వాతావరణ కేంద్రం ఉంది కదా. నాలాంటి వాళ్లకి అక్కడేమైనా నేర్పుతారా? నేను పుస్తకాలు చూసి నేర్చుకున్నది గోరంత. నా లెక్కల్లో తప్పెక్కడుందో చూపించే మనిషి కావాలి. సిగ్గుపడకుండా అడిగి రాయి.

నీ మేనకోడలు


రోప్‌వే పై స్టేషన్
గురువారం

మబ్బులమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నేను, ఒకసారి మా మెకానిక్. వాడికి బోర్డు సంగతి తెగ నచ్చింది. “మన మేనేజరు కోపానికి కూడా పదికి ఎన్నో రాసిపెడితే బాగుండును” అన్నాడు.

అమ్మ మీద ఒట్టు, సిగ్గుపడకుండానే వెళ్లి అడిగాను. వాతావరణ కేంద్రంలో పెద్దావిడ ఒకరుంటారు. అందరూ మేడమ్ అంటారు, నేను వెనకాల పిడుగమ్మ అంటాను. గేటు తీసేసరికి, “టికెట్ల కౌంటర్ ఇటు కాదు” అన్నారు. నేను ఆ పక్కనే మీట లాగే మనిషినని, మూడేళ్లుగా ఆవిడకి రోజూ నమస్కారం పెడుతున్నానని చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. వానాకాలం శిక్షణ అని ఒకటి ఈ ఏడే మొదలుపెడుతున్నారు. ఆరు నెలలు. పరికరాలు చూడటం, మబ్బుల్ని పోల్చుకోవడం, పై గాలుల్ని కొలిచే బెలూన్ వదలడం, సూచన తయారుచేయడం, అన్నీ నేర్పుతారు. నీలా డిగ్రీ చదివేవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, హాజరు సంగతి కాలేజీకి వాళ్లే రాస్తారు. సీట్లు నాలుగే. దరఖాస్తు ఈ నెలాఖరు లోపల రావాలి.

ఒక మెలిక ఉంది. దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం జత చేయాలి. నువ్వు చెప్పిన సూచన మీద నమ్మకంతో తన పని చేసుకునే మనిషి ఎవరైనా రాసివ్వాలి. చుట్టాలు పనికిరారు, కాలేజీ వాళ్లు పనికిరారు. “గ్రాఫులు అందరూ తెస్తారండీ. ఈ పిల్ల మాట విని ఎవరైనా చేతిలో పని ఆపారా, అది కావాలి నాకు” అన్నారు ఆవిడ.

నాకు వెంటనే నీ పాలిష్ మేస్త్రి గుర్తొచ్చాడు. నీ కోసమే పెట్టినట్టుంది ఈ షరతు. ఆయన చేత నాలుగు ముక్కలు రాయించి పంపు. ఆయన రాయనంటే చెప్పు, నేను దొంగ మీసం అంటించుకుని నీకు ఏమీ కానివాడిలా రాసిస్తాను.

ఇక్కడ గాలి బాగుంది. గాలి మీటరు ముల్లు, దాటితే క్యాబిన్లు ఆపాల్సిన ఎర్ర గీతకి ఆమడ దూరంలో ఉంది. జనం పైకొచ్చి ఫొటోలు దిగి కిందకి పోతున్నారు. ఎవరికీ నాతో పని లేదు, అంటే అంతా క్షేమమే.

మీ మామయ్య


గొడుగుల కొట్టు, పైగది
ఆదివారం

మామయ్యకు,

శిక్షణ గురించి రాసినందుకు సంతోషం. చూద్దాం.

ఇక్కడ అందరూ బాగున్నారు. నాన్నకి కొత్త సరుకు వచ్చింది. పిల్లల గొడుగులు, చెవులున్నవి. అవి తెరిస్తే కుందేలు తలకాయలా లేస్తాయి. అమ్మకి మోకాలు తగ్గింది. పక్కింటి పిల్లి మూడు పిల్లల్ని పెట్టి వాటిని మా అట్టపెట్టెల వెనకే ఉంచింది. ఒక పిల్లకి నాన్న తన పేరే పెట్టుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు.

పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా, అందుకని బోర్డు కొన్నాళ్లు లోపల పెట్టాను. చదువుకోవాలి.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ మేనకోడలు


రోప్‌వే పై స్టేషన్
బుధవారం

మబ్బులమ్మా,

పిల్లి క్షేమం, అమ్మ మోకాలు క్షేమం, కుందేలు గొడుగులూ క్షేమం. సంతోషం. కానీ నీ ఉత్తరంలో ఎక్కడా మబ్బు లేదు. గాలి లేదు, ఎండ లేదు, చినుకు లేదు. నీకు అయిదో ఏట జ్వరమొస్తే డాక్టరుకి నీ జ్వరం గురించి చెప్పకుండా కిటికీలోంచి కనిపించే మబ్బు గురించి చెప్పావు. ఆ పిల్ల ఆకాశం ఊసెత్తకుండా ఒక పేజీ రాసిందంటే నేను నమ్మను. ‘చూద్దాం’ అట. కేంద్రంలో చేరాలని కాళ్లావేళ్లా పడవలసిన పిల్ల చూద్దాం అంటోంది.

ఏదో జరిగింది. అమ్మతో చెప్పలేనిదైతే నాతో చెప్పు. నేను కొండ మీద ఉంటాను, చెప్పినా ఎవరికీ వినపడదు.

ఉత్తరం రాయించడానికే మొహమాటపడుతుంటే దానికో దారి ఉంది. కింద స్టేషన్లో టికెట్ల గుమాస్తా నాకు బాగా కావలసినవాడు. “ఆ అమ్మాయి బోర్డు చూసే రోజూ ఇంట్లోంచి కదులుతాను” అని రాసిస్తానన్నాడు. నిన్ను ఎప్పుడూ చూడలేదనుకో. కానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

ఇంకో మాట. నేనెప్పుడూ చెప్పుకోను గానీ, రాత్రి ఆఖరి క్యాబిన్ వెళ్లిపోయాక ఇక్కడ బాగా ఒంటరిగా ఉంటుంది. నువ్వు ఆరు నెలలు పక్కనే ఉంటావని అనుకోగానే నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. మొన్న కిందకి దిగినప్పుడు రెండో కంచం కూడా కొనేశాను. ఇది నీ మీద ఒత్తిడి తేవడానికి రాయలేదు. ఒత్తిడి తేవడానికే రాశాననుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీ మామయ్య


గొడుగుల కొట్టు, పైగది
శనివారం

మామయ్యకు,

నీ దగ్గర నా పప్పులుడకవని తెలిసే ఆ ఉత్తరం పోస్టు చేశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీకు మొదటి ఉత్తరం రాసిన వారం వరసగా మూడు రోజులు ఏడు పాళ్లనీ, ఎనిమిది పాళ్లనీ రాశాను. మూడు రోజులూ వాన స్టేషన్ రోడ్డు వరకు వచ్చి, మన వీధి మొహం చూడకుండా వెళ్లిపోయింది. జనం మాత్రం బోర్డు చూసి గొడుగులు కొన్నారు. బాగా కొన్నారు. టీ కొట్టాయన, “ఇవాళ ఎన్ని గొడుగులు అమ్మించాలమ్మా?” అని అరిచాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. అదీ పడతాను. కానీ ఆ సాయంత్రం నాన్న గల్లాపెట్టె మూస్తూ, ఎంతో సంబరంగా, “ఇంకో వారం ఇలాగే రాయి తల్లీ” అన్నారు. ఆయన సరదాకే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున లేచి చూస్తే బారోమీటరు ముల్లు బాగా దిగిపోయి ఉంది. గాలి తేమగా ఉంది, దక్షిణం నుంచి వస్తోంది. తొమ్మిది కాకుండానే మబ్బులు కాలీఫ్లవర్‌లా పైకి ఎదగడం మొదలుపెట్టాయి. నా లెక్కకి పదికి ఏడు పాళ్లు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను. టీ కొట్టు బెంచీ మీద వాళ్లందరూ నావైపే చూస్తున్నారు. నేను ‘పదికి మూడు’ అని రాశాను.

నాకు తెలిసే రాశాను మామయ్యా. లెక్క తప్పలేదు, మబ్బు మోసం చేయలేదు. ఇంకోసారి నవ్వుతారేమోనని భయపడి రాశాను.

మేస్త్రి చూసి, “ఆరబెట్టనా?” అన్నాడు. నేను మేడ మీద నుంచి, “పెట్టండి” అన్నాను. గ్రంథాలయంలో చదువుకునే గదికి ఇవ్వవలసిన ఎనిమిది కుర్చీలు. కొత్తగా పూసినవి. వాటిని వీధి అంచున వరసగా పెట్టి, అవతలి పేటలో ఇంకో పని చూసుకోవడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి కుండపోత. నేనూ నాన్నా పరిగెత్తి నాలుగు లోపలికి తెచ్చేసరికే అన్నీ తడిసిపోయాయి. పాలిష్ అంతా పాలు ఒలికినట్టు తెల్లగా పొంగింది.

ఆయన తిరిగొచ్చి చూశాడు. “వాన కదా, ఎవరేం చేస్తారు” అని కుర్చీలు లోపల పెట్టుకున్నాడు. పైగా మాకు తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలుతో తల తుడుచుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మర్నాటి నుంచి బోర్డు లోపల పెట్టేశాను. ఆయన పొద్దున ఒకసారి మెట్ల వైపు చూస్తాడు, బోర్డు లేదని చూసి, తనే ఆకాశం వైపు చూసుకుంటాడు.

ఇప్పుడు చెప్పు, ఆ మనిషి దగ్గరికి వెళ్లి, మీరు నా మాట నమ్ముతారని రాసివ్వండి అని ఏ మొహం పెట్టుకుని అడగను? నీ టికెట్ల గుమాస్తా ఉత్తరం కూడా వద్దు. అదీ నేను రాసిన ‘పదికి మూడు’ లాంటిదే. నాకు ఆ శిక్షణ ఎంత కావాలో నీకు తెలుసు. కలలో కూడా బెలూన్లే వస్తున్నాయి. కానీ ఇలా వద్దు.

కంచం దాచిపెట్టు, ఎప్పుడైనా చూడటానికి వస్తాను.

నీ మేనకోడలు


రోప్‌వే పై స్టేషన్
సోమవారం, మొదటి క్యాబిన్ రాకముందు

మబ్బులమ్మా,

నిన్న మధ్యాహ్నం ఇక్కడ గాలి లేచింది. సెలవు రోజు కావడంతో క్యూ మెట్ల దాకా ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు, ఒకాయనకి రైలు టైమవుతోంది, మేనేజరు కింద నుంచి “ఇంకొక్క ట్రిప్పు వెయ్యవయ్యా” అంటున్నాడు. నేనేం చేస్తానో తెలుసా? మీటరు చదివేటప్పుడు క్యూకి వీపు పెట్టి నిలబడతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ అలవాటు చేసుకున్నాను. ఎందుకంటే ముల్లు ఎర్ర గీత మీద ఊగుతున్నప్పుడు, ఏడుస్తున్న పిల్ల వైపు చూసి మళ్లీ ముల్లు చూస్తే అది గీతకి ఇవతల ఉన్నట్టే కనిపిస్తుంది. కళ్లు మంచివే, మనసు మెత్తన. అందుకని ముందు ముల్లు చూస్తాను, ఎంత ఉందో పైకి చదివేస్తాను, ఆ తర్వాతే వెనక్కి తిరిగి తిట్లు తింటాను. నిన్న క్యాబిన్లు ఆపేసి గంటసేపు తిన్నాను. తీరా చూస్తే గాలి పెద్దగా రాలేదు. అయినా ఇవాళ మళ్లీ అలాగే చదువుతాను.

నువ్వు క్యూ వైపు తిరిగి ముల్లు చదివావు. అంతే నీ తప్పు. చిన్నదని అనను, ఎనిమిది కుర్చీలంత ఉంది. కానీ ఇది దిద్దుకోవడానికి వీలైన తప్పు.

నా సలహా అడగలేదు కాబట్టి ఇస్తున్నాను. ఆ మేస్త్రి ఇప్పటికీ వానదే తప్పనుకుంటున్నాడు. ఆయనకి నిజం చెప్పు. తిడతాడు, పడు. ఉత్తరం ఊసు మాత్రం ఎత్తకు. బోర్డు మళ్లీ పెట్టు, వీధికి వీపు పెట్టి రాయి.

గుమాస్తా ఆలోచన నాదే, సిగ్గుపడుతున్నాను. మీసం ఆలోచన గురించి మాత్రం సిగ్గుపడటం లేదు.

మీ మామయ్య


గొడుగుల కొట్టు, పైగది
ఆదివారం

మామయ్యకు,

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. ఆయన ఆ కుర్చీల్లో అయిదోదాన్ని ఉప్పుకాగితంతో గీకుతున్నాడు. నేను నిలబడి మొత్తం చెప్పాను. ఏడని తెలిసీ మూడని రాశానని చెప్పాను. ఆయన చేయి ఆగిపోయింది.

“అంటే నీకు తెలుసా?”

“తెలుసండీ.”

“తెలిసీ పెట్టమన్నావా?”

ఆయన అప్పుడు తిట్టాడు మామయ్యా. వాన తప్పు వానదనీ, వాన మీద తనకి కోపం లేదనీ, ఇన్నాళ్లూ వీధంతా నవ్వుతుంటే తనొక్కడూ నా రాత చూసి చేతులు కదిపాడనీ, అలాంటివాడికి ఈ పని చేస్తావా అనీ అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు, కానీ ఒక్కో మాటా తగలవలసిన చోట తగిలింది. మిగిలిన కుర్చీలు నేను గీకుతానన్నాను. “అక్కర్లేదు, వెళ్లు” అన్నాడు. వచ్చేశాను.

ఇంట్లో నాన్నకి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఒకే గొడుగుని తెరిచి మూస్తూ కూర్చున్నారు. “నేనన్న మాటకా ఇదంతా?” అన్నారు. కాదన్నాను. “అబద్ధం చెప్పకు, ఇప్పుడే కదా మానేశావు” అన్నారు. ఇద్దరం నవ్వేశాం. మర్నాడు ఆయనే మేకు కొట్టి బోర్డు మళ్లీ తగిలించారు. ఈసారి మెట్ల పక్కన కాదు, మేడ మెట్ల లోపలి గోడ అంచుకి, తలుపులా బయటకి తిరిగేలా. అక్కడే రాసుకుని, ఆ తర్వాత బయటకి తిప్పాలట. నీ వీపు పద్ధతి ఆయనకి చెప్పాను, ఇది ఆయన చేసిన ఏర్పాటు.

పది రోజులు రాశాను. ఎదుటి వరస నుంచి ప్రశ్న లేదు. ఆయన బోర్డు వైపు చూసేవాడు కూడా కాదు.

మొన్న శుక్రవారం పొద్దున ఎండ చుర్రుమంటోంది. అయినా నా లెక్క ఎనిమిది పాళ్లు వచ్చింది. మూడుసార్లు లెక్క వేశాను, ఎనిమిదే. సరిగ్గా అదే రోజు నాన్న కొట్టు ముందు కొత్త సరుకు బండి ఆగి ఉంది, గొడుగుల కట్టలు దింపుతున్నారు. ఊహించుకో. ‘పదికి ఎనిమిది’ అని రాసి బోర్డు బయటకి తిప్పాను. టీ కొట్టు దగ్గర బెంచీ విరిగేంతగా నవ్వారు. మేస్త్రి అప్పుడే పెద్ద బల్ల ఒకటి బయటకి మోసుకొస్తున్నాడు. గడప దగ్గర ఆగాడు. బోర్డు చూశాడు. ఆకాశం చూశాడు, అందులో చిన్న మబ్బు తునక కూడా లేదు. బల్లని వెనక్కి తీసుకెళ్లిపోయాడు.

వాన రాలేదు మామయ్యా. సాయంత్రం దాకా ఒక్క చుక్క లేదు. నేను మేడ దిగలేదు. దీపాలు పెట్టే వేళకి కింద నుంచి పిలిచాడు.

“రాలేదుగా.”

“రాలేదండీ. పదికి రెండు పాళ్లు రాకపోవచ్చు కూడా.”

“నువ్వు అనుకున్నదే రాశావా?”

“అనుకున్నదే రాశాను.”

“అయితే సరే” అని వెళ్లిపోయాడు.

నిన్న పొద్దున బోర్డు తిప్పేసరికి కింద నిలబడి ఉన్నాడు. “ఆరబెట్టనా?” అన్నాడు. నేను తలూపాను. “నోటితో చెప్పు, తల ఊపితే ఇక్కడికి కనపడదు” అన్నాడు.

ఉత్తరం సంగతి నేను ఎత్తలేదు. నాన్న వెళ్లి చెప్పారట, నాకు చెప్పకుండా. ఇవాళ మధ్యాహ్నం మేస్త్రి అంటించిన కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నాకు పొగడటం చేతకాదు, జరిగింది రాశాను. నువ్వు విప్పకు” అన్నాడు. నేను విప్పలేదు. దరఖాస్తుతో పాటు అదీ ఇందులో పెడుతున్నాను. గడువు ఎల్లుండితో అయిపోతుంది, నువ్వే చేతికివ్వు. కుర్చీల గురించి ఉంటే ఉండనీ. సీటు రాకపోతే ఏడుస్తాను, అది మాత్రం ఇప్పుడే చెప్తున్నాను.

నీ మేనకోడలు


రోప్‌వే పై స్టేషన్
శుక్రవారం

మబ్బులమ్మా,

ఏడవనక్కర్లేదు. సీటు వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు మొదటి క్యాబిన్‌లో ఎక్కు, మీట నేనే లాగుతాను. దుప్పటి మందంగా ఉన్నది తెచ్చుకో.

దరఖాస్తులు చాలా వచ్చాయట. మిగతా ఉత్తరాలన్నిటిలోనూ ‘ఎప్పుడూ తప్పలేదు’ అని ఉందట. మేడమ్ నీ మేస్త్రి ఉత్తరం నా ఎదురుగానే చదివారు. మొదట నవ్వారు, తర్వాత కళ్లజోడు తీసి మళ్లీ చదివారు. నకలు తీసుకోవచ్చా అని అడిగితే, “ఆ పిల్ల తప్పకుండా చదవాలి” అన్నారు. కింద యథాతథంగా రాస్తున్నాను. ఇక నుంచి ఆవిణ్ణి పిడుగమ్మ అనను.

మీ మామయ్య

‘అయ్యా,

నేను కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టేవాణ్ణి. నా పనికి ఎండ కావాలి. ఈ అమ్మాయి రాసే బోర్డు చూసి సామాను బయట పెడతాను.

ఒకసారి తను అనుకోనిది రాసి నా ఎనిమిది కుర్చీలు పాడుచేసింది. ఇంకోసారి తను అనుకున్నదే రాసి నాకు ఒక పూర్తి రోజు ఎండ పోగొట్టింది. మొదటిదానికి చాలా కోపం వచ్చింది. రెండోదానికి రాలేదు. మొదటిదాని గురించి తనే వచ్చి చెప్పింది, లేకపోతే నాకు తెలిసేదే కాదు. ఆ తర్వాత నాకు ఆమె బోర్డు మీద నమ్మకం ముందుకంటే పెరిగింది.

సీటు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇస్తే ఆరు నెలల పాటు పొద్దున్నే ఆరబెట్టనా అని అడగడానికి నాకు ఎవరూ ఉండరు. అది ఆలోచించుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.’